దారికి అడ్డంగా ఒక తాడు

భద్రాచలంలో బస్సెక్కి చింతూరు వెళ్తున్నాను. ఇక్కడ ఊరు దాటగానే రాష్ట్రం కూడా దాటిపోతుంది, ఎటపాక నుంచి ఆంధ్రప్రదేశ్. జూన్ మొదటి వారం. మబ్బు పట్టి ఉంది గానీ చినుకు లేదు. ఒక గూడెం ముందు డ్రైవరు బ్రేకు వేశాడు. రోడ్డుకి అడ్డంగా తాడు, తాడుకి మామిడి మండలు. అటు కొస ఇద్దరు, ఇటు కొస ఇద్దరు పట్టుకుంటే, నడుమ పదిహేను మంది దాకా ఆడవాళ్ళు ఒకరి నడుం మీద ఒకరు చేయి వేసుకుని, ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ వేస్తూ రేల పాట పాడుతున్నారు. స్టీలు పళ్ళెం పట్టుకుని ఒక ముసలమ్మ బస్సెక్కింది.

"భూమి పండుగ అన్నా. పైసలియ్యాలె."

"ఎంతియ్యాలమ్మా?"

"నీ ఇష్టం. ఇయ్యకపోతే మాత్రం బండి కదలదు."

నవ్వుతూనే అంది. కండక్టరు అలవాటైన పనిలా తన వాటా పళ్ళెంలో వేసి టిక్కెట్ల లెక్కలో పడిపోయాడు. నా పక్కనాయన ఇరవై రూపాయల నోటు తీస్తూ గొణిగాడు: "గవర్నమెంటు రోడ్డు మీద వీళ్ళ వసూలేంటండీ?" అంతకు ముందు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఉంటే ఆయనే కిటికీలోంచి చూశాడు. అప్పుడేమీ అనలేదు.

ఆయన విసుగ్గా అడిగాడు గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ అడవిలో ఎవరు ఎవరి దగ్గర వసూలు చేయాలి? గోదావరికి ఇటూ అటూ ఉన్న ఈ మన్యం చరిత్రంతా చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఇక్కడి పండుగలు కూడా, కోయగూడెం పండుగైనా రాములవారి కల్యాణమైనా, ఆ ప్రశ్న పక్కనే కూర్చుని ఉన్నాయని నాకు అనిపిస్తుంది.

ముందు పండుగల సంగతి. కోయ భాషలో పండుగని పండుం అంటారు. భూమి పండుం వేసవి చివర, తొలకరికి ముందు వస్తుంది. మగవాళ్ళు విల్లంబులు తీసుకుని అడవికి వేటకి పోవాలి. పోనివాడికి ఊళ్ళో మర్యాద ఉండదు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ళని ఆడవాళ్ళు ఎగతాళి చేస్తారు, బురదో పేడనీళ్ళో చల్లుతారు. వాళ్ళు అడవిలో ఉన్న ఆ రోజుల్లో ఊరూ దారీ ఆడవాళ్ళవి. దారిన పోయే ఎవర్నైనా ఆపొచ్చు. వసూలైన డబ్బుతో పండుగ ఖర్చు నడుస్తుంది. విత్తనాలకి విజ్జ పండుం ఉంది. ఇంటింటి నుంచీ తెచ్చిన విత్తనాలు దేవత ముందు పోసి, పూజ అయ్యాక తలా కాస్త ఇంటికి తీసుకుపోయి, తమ విత్తనాల్లో కలిపి చల్లుకుంటారు. పంట చేతికొచ్చేవేళ కొత్తల పండుగ, చలికాలంలో చిక్కుడు పండుగ, ఎండలు ముదిరే ముందు మామిడి కొత్త. ఇప్పపువ్వు రాలే రోజులకి దాని లెక్క దానికి ఉంది. తెల్లారకముందే బుట్టలు పట్టుకుని ఇంటిల్లిపాదీ చెట్టు కిందికి పోతారు. పొద్దెక్కితే రాలిన పువ్వు ఎండకి వాడిపోతుంది.

వీటిలో దేనికీ పంచాంగంలో తేదీ దొరకదు. తిరుపతి దేవస్థానం వారి క్యాలెండర్లోనూ ఉండదు. వడ్డె, ఊరి పెద్దలు కూర్చుని ఫలానా రోజు అనుకుంటారు. ఈ గూడెంలో ఈ వారం అయితే పక్క గూడెంలో వచ్చే వారం. అందుకే "భూమి పండుగ ఎప్పుడు?" అని ఫోన్ చేసి అడిగితే సరైన జవాబు రాదు. మామిడి కాయ పట్టిందా, విత్తనం ఎండిందా, పోయిన నెలలో ఊళ్ళో చావు జరిగిందా, ఇవన్నీ చూసుకుని చెప్పాలి.

కొత్త అనే మాటలో అసలు కట్టుబాటు ఉంది. పండుగ కాకముందు కొత్త పంట తినకూడదు. చెట్టు నిండా కాయలున్నా, ఇంట్లో పాత గింజలు అయిపోయినా, ఊరంతా కలిసి దేవతకి పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోరు. చిక్కుడు కాయకి కూడా ఇదే నియమం అంటే నగరంలో పెరిగినవాళ్ళకి నవ్వొస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. తరవాత తట్టింది, ఎవరికి వారు ముందు కోసుకోవడం మొదలుపెడితే పచ్చికాయ దశలోనే చెట్టు ఖాళీ అవుతుంది, చేతగాని ముసలివాళ్ళకి ఏమీ మిగలదు.

పశ్చిమ ఆఫ్రికాలో ఇదే నియమం కందగడ్డ మీద ఉంటుంది. నైజీరియాలో ఇగ్బోలు కొత్త కందగడ్డల పండుగ జరిగేదాకా కొత్త గడ్డ ముట్టుకోరు. ఘనాలో అక్రా నగరపు మూలవాసులైన గా జనం హోమోవో అనే పండుగ చేస్తారు. ఆకలిని చూసి ఎగతాళిగా కేకలు వేయడం అని ఆ పేరుకి అర్థం. దానికి ముందు నెల రోజుల పాటు ఊళ్ళో డప్పు మోగకూడదు. 1990ల చివర్లో ఆ నిషేధం మీద కొత్త చర్చిలకీ గా సంప్రదాయ పెద్దలకీ కొట్లాటలు జరిగాయి. అంత పెద్ద రాజధాని నగరంలో ఎప్పుడు నిశ్శబ్దంగా ఉండాలో ఎవరు చెప్పాలి అన్నది గొడవ.

చినువా అచెబె 1964లో రాసిన 'ఆరో ఆఫ్ గాడ్' నవల మొత్తం ఈ ముడి మీదే నిలబడింది. ఎజెయులు అనే పూజారి దగ్గర పవిత్రమైన కందగడ్డలుంటాయి. ప్రతి అమావాస్య వెళ్ళి నెలవంక కనిపించగానే ఒకటి తింటాడు. ఒక్కటి మిగిలినప్పుడు పండుగ ప్రకటిస్తాడు. బ్రిటిష్ అధికారి అతన్ని తమ తరఫు నాయకుడిగా పెట్టాలనుకుంటాడు, అతను ఒప్పుకోడు, నిర్బంధిస్తారు. తిరిగొచ్చేసరికి తినాల్సిన రెండు గడ్డలు మిగిలిపోయి ఉంటాయి. అవి తినకుండా పండుగ ప్రకటించనంటాడు. పొలాల్లో పంట పాడవుతూ ఉంటుంది. చివరికి జనం చర్చి పేరు మీద కోతలు మొదలుపెడతారు. తెల్లదొరకి ఆ గడ్డల లెక్క ఏమీ తెలియదు. ఒక మనిషిని కొన్నాళ్ళు ఊరికి దూరం చేశాడంతే, ఊరి క్యాలెండరు విరిగిపోయింది. ఆ నవల చదివినప్పుడల్లా నాకు మన గోదావరి ఒడ్డున ఖైదైన ఇంకొకాయన గుర్తొస్తాడు.

నేలకొండపల్లి కంచర్ల గోపన్న కథ తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కన్న మాదన్నల మేనల్లుడు, పాల్వంచ పరగణాకి తహసీల్దారు, వసూలైన శిస్తు గుడికి ఖర్చు పెట్టాడు, గోల్కొండ ఖైదులో పన్నెండేళ్ళున్నాడు. తానీషా, అంటే అబుల్ హసన్, గద్దెనెక్కింది 1672లో. గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది 1687లో. అక్కన్న మాదన్నలు హతమైంది 1686లో. తహసీల్దారీ, గుడి కట్టడం, పన్నెండేళ్ళ ఖైదు, విడుదల, అన్నీ ఈ పదిహేనేళ్ళలో సర్దాలంటే కాస్త ఇరుకే. ఆ లెక్కతో భక్తులకి పనిలేదు. నాకు ముఖ్యం అనిపించే సంగతి వేరే ఉంది. దేశంలో ఇంత పేరున్న ఒక కల్యాణోత్సవం వెనక ఉన్న మూలకథ పన్ను బకాయి కథ. దేవుడు స్వయంగా వచ్చి కట్టి రశీదు తీసుకున్న బకాయి. రామదాసు చరిత్రలు, సినిమాలు అన్నీ గోపన్న పడ్డ బాధనే చూపించాయి. ఆ శిస్తు ఎవరి దగ్గర వసూలైంది, ఏ పంట మీద, ఏ గూడెంలో, అన్నది వాటికి అంతగా పట్టలేదు.

చైత్ర శుద్ధ నవమి నాడు మిథిలా మండపంలో పోసే తలంబ్రాలకి గులాలు కలుపుతారు, అందుకే అవి ఎర్రగా ఉంటాయి. ముత్యాలు రాజ్యం తరఫున వస్తాయి. తానీషా మొదలుపెట్టాడని చెప్పే ఆ ఆనవాయితీ ఆసఫ్‌జాహీల కాలంలోనూ సాగింది, ఇప్పుడు ప్రభుత్వం పంపుతుంది. వసూలు చేసిన రాజ్యం ఏటా ఒక రోజు ఇచ్చేదిగా మారుతుందన్నమాట. ఆ పండుగలో అందరికీ తెలిసిన వైభవం ఉంది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. చిన్నప్పుడు రేడియోలో కల్యాణం వ్యాఖ్యానం వినకుండా మా ఇంట్లో పానకం తాగనిచ్చేవాళ్ళు కాదు. అది కూడా ఒక రకం కొత్త నియమమే అనుకుంటా.

ఆ గుడి స్థలపురాణం మొదలయ్యేది మాత్రం గోపన్నతో కాదు, పోకల దమ్మక్కతో. పుట్టలో ఉన్న విగ్రహాలని కనుక్కుని, పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిన అడవి మనిషి ఆమె. ఈ మధ్య కాలంలో దమ్మక్క పేరు మీదా శబరి పేరు మీదా యాత్రలు జరుపుతున్నారు. ఆదివాసులు అడవి పూలూ పండ్లూ పట్టుకుని డప్పులతో గుడికి వస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ రోజు తీసుకొచ్చేది వాళ్ళు, తీసుకునేది గుడి. తాడు పట్టుకున్న రోజు ఈ వరస తిరగబడుతుంది.

1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ తాలూకాలని బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చేశాడు. ఆ నాటి నుంచి ఏరు సరిహద్దు అయింది. భద్రాచలం ఇంగ్లీషు వాళ్ళది, ఏటికి అవతల బూర్గంపాడు నిజాముది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంచి, 1874లో మద్రాసు కిందున్న గోదావరి జిల్లాలో కలిపారు. కాగితం మీద ఇది ఒక బదిలీ. రేకపల్లి కొండల్లో పోడు కొట్టుకునేవాళ్ళకి మాత్రం పన్ను లెక్క మారిపోయింది. అంతకుముందు గొడ్డలికి నాలుగణాలు కట్టి ఎక్కడ కావాలంటే అక్కడ పోడు కొట్టుకునేవారు. మద్రాసు ప్రభుత్వం వచ్చాక ఆ భారం సుమారు మూడింతలైంది, కొన్ని అడవుల్లో పోడు వద్దన్నారు. ఎవరో ఊహించి చెప్పిన మాట కాదిది, హెమింగ్‌వే అనే కలెక్టరాఫీసు మనిషి 1907 గోదావరి జిల్లా గెజిటీర్లో రాసిపెట్టిందే.

1879 మార్చిలో పక్కనున్న రంపలో తిరుగుబాటు లేచింది, కొద్దికాలానికే రేకపల్లికి పాకింది. అల్లూరి సీతారామరాజు 1922 పోరాటానికి నలభై ఏళ్ళ ముందు సంగతి. రంపలో ముఖ్యమైన కారణాల్లో ఒకటి కల్లు. ఇంటి వాడకానికి గీసుకునే కల్లుని సర్కారు కాంట్రాక్టర్లకి పాడేసింది. దాని మీద అక్కడి మన్సబుదారు చిగురుపన్ను అని ఇంకొకటి వేశాడు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అబ్కారీ విధానం అని ఒక ముక్కలో తేల్చేస్తారు. కానీ కల్లు లేకుండా మన్యంలో ఏ పండుగ జరుగుతుంది? జీలుగు కల్లయినా తాటికల్లయినా ముందు నేల మీద నాలుగు చుక్కలు పోసి, పెద్దల్ని తలుచుకుని, అప్పుడు తాగుతారు. పెళ్ళిలో కల్లు, చావులో కల్లు, పంచాయితీలో తప్పు ఒప్పుకున్నవాడు పోయించాల్సిందీ కల్లే. చెట్టుకి పన్ను వేయడం అంటే ఇక్కడ ఊరి క్యాలెండరుకి పన్ను వేయడం. జనం పోలీసు స్టేషన్ల మీద పడ్డారంటే అందులో ఆశ్చర్యమేముంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిలో గీతలు గీశారు, రిజర్వు అన్నారు. ఆ చట్టం వచ్చాక వేట పండుగకీ పోడు పండుగకీ పక్కన ఎప్పుడూ ఒక గార్డు నిలబడి ఉన్నాడు. 1972లో వన్యప్రాణుల చట్టంతో వేట మీద ఆంక్షలు వచ్చాయి. ఇప్పుడు చాలా గూడేల్లో మగవాళ్ళు విల్లు భుజాన వేసుకుని ఆనవాయితీ కోసం అడవిలోకి పోయి వస్తారు. దాంతో పండుగలో బలంగా మిగిలింది ఆడవాళ్ళ భాగమే. వేట సగం చట్టంలో చిక్కుకుంటే వసూలు సగం రోడ్డెక్కింది. రోడ్లు బాగుపడి, బస్సులూ కార్లూ పెరిగాక అది ఇంకా గట్టిపడిందని నా అనుమానం.

ఈ పండుగల గురించి బయటివాళ్ళు రాసినవి తక్కువేమీ కాదు. దుమ్ముగూడెంలో ఉన్న క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ 1870ల నుంచే భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు. థర్స్టన్ తన 1909 సంపుటాల్లో కోయల మీద రాసినదానికి చాలావరకు ఆ రాతలే ఆధారం. రెండో ప్రపంచయుద్ధం వచ్చి శత్రుదేశపు పాస్‌పోర్టుతో హైదరాబాదు సంస్థానంలో చిక్కుకుపోయిన హైమన్‌డార్ఫ్ పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో 'ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' తెచ్చాడు. కలప కాంట్రాక్టర్లు అప్పుల పేరుతో రెడ్లని ఎలా పనికి కట్టేసుకున్నారో అందులో వివరంగా ఉంటుంది. కొండ మీద పోడు పనులున్న రోజుల్లో ఏటి ఒడ్డున వెదురు మోయాల్సి వస్తే మనిషి ఏ క్యాలెండరు పాటిస్తాడు? మన కాలంలో ఆ కాంట్రాక్టరు స్థానంలో తునికాకు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కల్లాల దగ్గర కట్టలు లెక్కపెట్టే రోజులే చేతిలో నాలుగు డబ్బులు కనపడే రోజులు. పండుగ తేదీ ఇప్పుడు తునికాకు డబ్బు పంచే తేదీని కూడా చూసుకుని పడుతుంది. దీన్ని పాడైపోవడం అనడానికి నాకు మనసొప్పదు. విత్తనం ఎండిందా అని చూసే కళ్ళే పైసలొచ్చాయా అని కూడా చూస్తున్నాయి.

ఇంకో లెక్క కూడా ఉంది, అది రెవెన్యూ వారిది. పాత పహాణీల్లో కనిపించే ఫసలీ సంవత్సరం అక్బరు కాలంలో పుట్టింది. ఫసల్ అంటే పంట. చాంద్రమానపు హిజ్రీ ఏడు పంటకాలంతో కలవక, శిస్తు వసూలుకి ఇబ్బందిగా ఉందని ఆ లెక్క తెచ్చారు. అంటే రాజ్యం కూడా పంటని చూసే క్యాలెండరు కట్టుకుంది, తినడానికి ముందు ఎవరికి పెట్టాలన్న దగ్గరే కోయలతో తేడా వచ్చింది.

భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మం జిల్లాకి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. పట్నమూ గుడీ తెలంగాణలో ఉన్నాయి, పురుషోత్తపట్నంలోని దేవుడి భూములు ఆంధ్రలో ఉన్నాయి. పోలవరం వల్ల కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైగా అని ప్రభుత్వ లెక్కలే చెప్తున్నాయి. వాళ్ళలో సగానికి దగ్గరగా ఆదివాసులు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చిందని పెద్దవాళ్ళు కథలా చెప్పేవారు. 2022 జూలైలో 71.3 అడుగులు మా తరం చూసింది. కుక్కునూరు, వేలేరుపాడు వైపు గూడేలు మునిగి, జనం గుట్టల మీద టార్పాలిన్ల కింద ఉన్నారు. ఆ తరవాత కాలనీలకి పోవడానికి ఒప్పుకున్నవాళ్ళు ఎక్కువయ్యారు.

జంగారెడ్డిగూడెం వైపు కట్టిన అలాంటి ఒక కాలనీకి పోయిన ఏడు వెళ్ళాను. సిమెంటు రోడ్లు, వరసగా ఒకే కొలతల ఇళ్ళు, ఒక నీళ్ళ ట్యాంకు. నష్టపరిహారం కాగితాల్లో చెట్లకి కూడా ధర కట్టారు. మామిడికి ఇంత, తాడికి ఇంత, చింతకి ఇంత. నేను మాట్లాడినామెకి అరవై దాటి ఉంటాయి. పరిహారం వచ్చింది అని చెప్పింది, ఇంకా రావాల్సింది ఎంతో కూడా అణా పైసలతో చెప్పింది. ముత్యాలమ్మని ఊరి నుంచి తెచ్చుకున్నారు, కాలనీ చివర వేపచెట్టు కింద పెట్టుకున్నారు. ఆ వేపచెట్టు ఇంకా మనిషెత్తు కూడా లేదు.

"పండుగలు చేస్తున్నారా అమ్మా?"

"చేస్తున్నం. కొత్తలు చేస్తున్నం. బియ్యం కొట్లో కొని పెడుతున్నం ముత్యాలమ్మకి."

"మామిడి పండుగ?"

"మామిళ్ళు ఆడనే ఉన్నయి గద. ఈడ కాయలు బండి మీద అమ్మొస్తయి. సంకురాత్రి పోయి నెల కాకముందే అమ్మొస్తయి. పిల్లలు కొనుక్క తింటరు, ఆపితే ఆగుతరా?"

భూమి పండుగ గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు. వేటకి పోయే అడవి దగ్గర్లో లేదు, అది నాకూ తెలుసు. తాళ్ళు కట్టడం సంగతేమిటని అడిగాను. ఆమె చెయ్యెత్తి కాలనీ రోడ్డు చూపించింది. మెయిన్ రోడ్డు దగ్గర మొదలై వాళ్ళ ఇళ్ళ మధ్య తిరిగి నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగిపోతుంది అది.

"ఈ దార్ల ఎవరు పోతరు, మేమే పోతం. ఎవర్ని ఆపాలె?" అంది.